నీటి మెరుపు తీసే ఫిల్టరు

కొత్తపేట బస్టాండు పక్కన అంజిబాబు స్టూడియో పొద్దున్న ఎనిమిదింటికి తెరుచుకుంటుంది. షట్టరు ఎత్తగానే ఊదొత్తి వెలిగించి, లెన్సులన్నీ బల్ల మీద పరిచి, పాత పంచె ముక్కతో తుడుస్తాడు. తర్వాత టీ. ఆ తర్వాత గల్ఫుకెళ్లేవాళ్ల పాస్‌పోర్టు ఫొటోలు. "నవ్వకండి, నవ్వితే వాళ్లు ఒప్పుకోరు" అని ప్రతివాళ్లకీ చెబుతాడు. మస్కట్ వెళ్తూ నవ్వేవాళ్లు ఎంతమంది ఉంటారో మరి, ఆయనకే తెలియాలి.

ఆ లెన్సుల పక్కనే, వెలిసిపోయిన ముఖమలు డబ్బాలో, వాళ్ల నాన్న వాడిన పోలరైజర్ ఫిల్టరు ఉంటుంది. లెన్సుకి బిగించి అంచు మెల్లిగా తిప్పితే నీటి మీది మెరుపు పోతుంది. మెరుపు పోతే ఏటి అడుగున నేరేళ్ళలంక కనిపిస్తుంది. పదహారేళ్ల కిందట గోదారి కోసుకుపోయిన లంక అది. ఇళ్లూ, అరుగులూ, కొబ్బరిచెట్లూ కోతపడ్డ రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి. లంకవాళ్లంతా ఇప్పుడు గట్టుకి ఇవతల కాలనీలో ఉంటున్నారు. ఇంట్లో పెళ్లి కుదిరితే, పెద్దలకి బట్టలు పెట్టుకునే రోజున అంజిబాబుని పిలిచి తమ ఇల్లు ఫొటో తీయించుకుంటారు. ఫొటో చేతికొచ్చేక పేచీ ఒక్కటే: "మా అరుగు సగమే పడిందేంటండీ?"

ఈ పేచీ పడలేకే అంజిబాబు మొన్న ఉగాదికి వైడ్ లెన్సు కొన్నాడు. నాన్న ఫిల్టరు కొలతకి సరిపోయేది వెతికి వెతికి తెప్పించేడు. ఊరంతా ఒక్క ఫొటోలో పట్టేస్తుందని తెగ సంబరపడ్డాడు. ఆ లెన్సుతో మొట్టమొదటి పిలుపు సింహాద్రి ఇంటినుంచి వచ్చింది.

సింహాద్రి గురించి చెప్పాలంటే ముందు తాడు గురించి చెప్పాలి. చేతికి తాడు దొరికితే గుంజకి మూడు చుట్లు చుట్టి, కొసని లోపలికి దోపితే గానీ ఆయనకి స్థిమితం ఉండదు. ఎవరి కాలికైనా తగులుతుందని భయం. దండెం తాడూ అంతే, బావి చేదా అంతే. ఆఖరికి సెల్‌ఫోను చార్జరు వైరుని కూడా తలుపు గొళ్లేనికి మూడు చుట్లు చుడతాడని పెళ్లాం అప్పలమ్మ వేళాకోళం చేస్తుంది. ఒకప్పుడు ఆ రేవులో సింహాద్రిలా పడవ నడిపినవాడు లేడు. లంక పోయిన రోజునుంచి మాత్రం పడవలో కాలు పెట్టలేదు. కొబ్బరికాయలు ఒలిచి బతుకుతున్నాడు.

ఇప్పుడు కూతురు చిన్ని పెళ్లి. వాళ్లలో ఆనవాయితీ ఏంటంటే, పెళ్లికూతురి తండ్రే పడవ వేసి, మునిగిన ఇంటికి సరిగ్గా పైకి తీసుకెళ్లి, పెద్దల బట్టలు నీళ్లకి తాకించాలి.

"మీ కొండబాబు మామయ్య వేస్తాడులేమ్మా పడవ" అన్నాడు సింహాద్రి.

"మామయ్య వేసేది మామయ్య కూతురి పెళ్లికి. నువ్వు ఎక్కకపోతే నాకొద్దు. బట్టలూ వద్దు, పెళ్లీ వద్దు" అని చిన్ని ముఖం తిప్పేసుకుంది.

ఏడిపించాలని అన్నమాట కాదది. తండ్రి పడవెందుకు ఎక్కడంలేదో దానికి తెలీదు. లంక గట్టు విరిగిపడుతున్న రోజు ఏడేళ్ల చిన్ని ఆయన మెడ పట్టుకుని, "నాన్నా, చుక్కని విప్పేవా?" అని అడిగింది. చుక్క దాని దూడ, నుదుట తెల్లమచ్చ ఉండేది. "ఆయ్, విప్పేనమ్మా" అన్నాడు సింహాద్రి. అని, పిల్లని పడవలో వేసుకుని వచ్చేసేడు. నిజంగా విప్పేడా, పిల్ల ఏడుపు ఆపడానికి అన్నాడా? ఆ గందరగోళంలో ఏం చేసేడో ఆయనకే గుర్తులేదు. ఎంత తవ్వుకున్నా రాలేదు. పడవెక్కితే కింద పాకలో కట్టుగుంజకి చుక్క అలాగే కట్టి ఉంటుందేమోనని భయం. ఈ మాట అప్పలమ్మకి కూడా చెప్పుకోలేదు పాపం.

బట్టలు పెట్టుకునే రోజు పొద్దున్నే అంతా రేవుకి వచ్చేరు. ఎండ పక్కనుంచి ఏటవాలుగా పడుతోంది. అంజిబాబు నీళ్ల అంచున నిలబడి, ఫిల్టరు తిప్పి, ఫొటో తీసి, వెనక తెరలో చూపించేడు. బడి మెట్లు, రాములవారి పందిరి, వరసగా ఇళ్లు, అన్నీ ఉన్నాయి. నాలుగు మూలలూ మాత్రం మసిబట్టి నల్లగా ఉన్నాయి.

"చుక్క పాక రాలేదండీ" అంది చిన్ని.

అంజిబాబు నాలిక్కరుచుకున్నాడు. అద్దాన్ని ఒట్టిగా ఉంచకూడదని వాళ్ల నాన్న నియమం. అందుకని కొన్నరోజే లెన్సుకి కాపుదలగా ఓ మామూలు ఫిల్టరు బిగించేడు. ఇప్పుడు దాని మీదే నాన్న ఫిల్టరు బిగించేడు. పాత లెన్సుతో ఏ బాధా లేదు. వైడ్ లెన్సుకి కళ్లు మరీ విశాలం, రెండు ఫిల్టర్ల అంచులు కూడా దాని చూపులో పడతాయి. కింది ఫిల్టరు తీయబోతే రెండూ ఒకదానికొకటి పట్టేసేయి. ఆయన వేళ్లు ఎర్రబడ్డాయి గానీ అవి కదల్లేదు.

పాక మూల నల్లగా ఉండిపోయినందుకు సింహాద్రికి ప్రాణం లేచొచ్చింది. అబద్ధమెందుకు, ఆ నలుపు అలాగే ఉండిపోవాలని మొక్కుకున్నాడు కూడా.

"ఎంత బిగిసిన ముడైనా నాన్న విప్పేస్తాడండీ" అంది చిన్ని.

అందరూ ఆయన చేతులకేసి చూసేరు. రాదని ఒక్కమాట అంటే సరిపోయేది. సింహాద్రి కూతురి ముఖం చూసేడు. "నీ జుట్టు రబ్బరు ఇలా ఇవ్వమ్మా" అన్నాడు.

రబ్బరుని అంచు చుట్టూ తొడిగేడు. "గట్టిగా నొక్కితే ఇంకా బిగుస్తుందండి, అంజిబాబు గారూ" అంటూ వేళ్లు తేలిగ్గా ఆనించి తిప్పేడు. ఊడొచ్చింది. అంజిబాబు నాన్న ఫిల్టరొక్కటే బిగించి కెమెరా ఆయన చేతికే ఇచ్చేడు. "ఈ లెన్సుతో మెరుపు అంతటా ఒక్కసారి పోదు సింహాద్రీ. ఓ పక్క తేటపడితే ఓ పక్క తళతళలాడుతుంది. నీక్కావలసిన చోటు వచ్చేదాకా నువ్వే తిప్పుకో."

సింహాద్రి కన్ను ఆనించి అంచు తిప్పేడు. బడి మెట్లు మెరుపులో కలిసిపోయేయి. పందిరి పోయింది. మూలనున్న పాక తేటపడింది. గడ్డి, కుడితి తొట్టి, కట్టుగుంజ. దూడ లేదు. తాడు తెగి వేలాడటం లేదు. గుంజకి మూడు చుట్లు చుట్టి ఉంది, కొస లోపలికి దోపి ఉంది.

ఆయన కెమెరా గభాల్న దించేసేడు. ఎక్కడ పడేస్తాడోనని అంజిబాబు చెయ్యి అడ్డుపెట్టేడు.

"విప్పేనమ్మా" అన్నాడు సింహాద్రి.

"దేన్ని నాన్నా?"

"చుక్కని."

"అప్పుడే చెప్పేవుగా" అంది చిన్ని, జుట్టు ముడేసుకుంటూ.

అప్పలమ్మ బట్టల పళ్లెం పట్టుకుని పడవెక్కింది. ఆమె వెనకే చిన్ని ఎక్కింది. కొండబాబు తెడ్డు అందుకోబోతే సింహాద్రి తీసేసుకున్నాడు. రేవుగుంజకి కట్టిన తాడుని పడవ దగ్గర విప్పేడు. గట్టు మీద మిగిలిన తాడుని గుంజకి మూడు చుట్లు చుట్టి, కొస దోపి, పదహారేళ్ల తర్వాత పడవలో కాలు పెట్టేడు.