తల ఊపే నాన్న

పొద్దున్నే ఆయన్ని నిద్ర లేపడం ఆ ఇంట్లో పెద్ద పని. భార్య ముందు పిలుస్తుంది, తర్వాత దుప్పటి లాగుతుంది, అదీ కాకపోతే తడిచెయ్యి తెచ్చి మొహాన పెడుతుంది. పాపం, ఆయనేం సోమరి కాదు. కాలేజీలో చదువుకునే రోజుల్లో అలారం ప్రోగ్రాం ఒకటి రాశాడు. అది మోగితే వీధి వీధంతా లేస్తుంది, ఆయన తప్ప.

సాఫ్ట్‌వేర్ పనిలో ఇది మామూలే. మెషీన్‌కి ఏ పని నేర్పితే ఆ పని నేర్పినవాణ్ణి వదిలిపోతుంది. కూడికలు చేసే ప్రోగ్రాం రాసినవాడు ఆ తర్వాత వేళ్ళు మడిచి కూడా కూడలేడు. స్పెల్లింగులు దిద్దే ప్రోగ్రాం రాసిన ఆవిడ సొంత పేరు తప్పు రాసుకుంటుంది. ఆయన పక్క సీట్లో కూర్చునే పెద్దమనిషి ఎప్పుడో క్యాలెండర్ తయారుచేశాడు, అప్పట్నుంచీ రాగానే బ్యాగు దించుతూ "ఇవ్వాళ ఏం వారం బాబూ?" అని అడుగుతాడు. ఆఫీసంతా ఆయన్ని ఏంవారం గారు అనే పిలుస్తుంది. రాసిన ప్రోగ్రాంని ఎక్కడా ఆనవాలు లేకుండా తుడిచేస్తే పోయిన విద్య తిరిగొస్తుంది, అదీ అందరికీ తెలిసిందే. అందుకేనేమో కంపెనీలు బ్యాకప్ మీద బ్యాకప్ తీసి దాచుకుంటాయి.

మన డెవలపర్ దారి చూపించే ప్రోగ్రాం కూడా రాశాడు. అదిప్పుడు ఎన్ని ఫోన్లలో ఉందో దేవుడికే తెలియాలి, ఇక తుడిచేదెవరు? ఫోన్లో చూసుకుంటే తప్ప ఆయనకి సొంత వీధి కూడా దొరకదు. అందుకని రోజూ బస్టాపు దాకా కూతురే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేది. ముద్దుపేరు గువ్వ. ఇంకా బళ్ళో వెయ్యలేదు.

దారిలో ఎదురైనవాళ్ళందరికీ ఆయన సలహాలిచ్చేవాడు. అడిగినా ఇచ్చేవాడు, అడక్కపోయినా ఇచ్చేవాడు. "ఫోన్ నత్తలా నడుస్తోందా? ఒకసారి ఆపి మళ్ళీ పెట్టండి, సగం రోగాలు దానికే పోతాయి." "పాస్‌వర్డ్ కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించకండి బాబూ, దానికంటే తలుపు తీసిపెట్టి పడుకోవడం నయం." "ఆఫీసు లాప్‌టాప్‌లో సొంత పని చెయ్యకండి. చేశారా, అది మీది కాదు, కంపెనీది." ఈ ఆఖరి సలహా మీరు గుర్తుపెట్టుకోండి. ఆయన పెట్టుకోలేదు.

గువ్వకి పుట్టుకతోనే నాలుక సరిగ్గా తిరగదు. ఆ పిల్ల మాట్లాడితే బయటివాళ్ళకి నీళ్ళు పుక్కిలించినట్టు వినిపిస్తుంది. అమ్మకి ఆకలి, నిద్ర, నొప్పి వరకూ అర్థమయ్యేవి, మిగతాది ఊహించుకునేది. నాన్నకి మాత్రం అక్షరం పొల్లుపోకుండా అర్థమయ్యేది. ఎలా అంటే ఆయనా చెప్పలేడు. కూరగాయల కొట్టతను "ఏమంటోందండీ పాప?" అంటే, "మీ కుక్క అలిగిందట, అన్నం పెట్టలేదా అని అడుగుతోంది" అనేవాడు. నిజంగానే కుక్క అలిగి ఉండేది. అలా ఆ పిల్లకి ఆయనే దుబాసీ. గువ్వకి కబుర్లు ఎక్కువ. నాన్న ఉన్నంతసేపూ వసపిట్టలా వాగుతూనే ఉండేది.

బళ్ళో వేసే వయసొచ్చింది. హెడ్‌మిస్ట్రెస్ మంచావిడే. పిల్లతో కాసేపు మాట్లాడి చూసి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"తెలివైన పిల్లండీ. కానీ తను చెప్పేది మా టీచర్లకి అర్థం కావాలి కదా. రోజూ మీరొచ్చి క్లాసులో కూర్చుంటారా?"

"ఉద్యోగం ఉంది కదా మేడమ్, ఎలా కుదురుతుంది?"

"అయితే ఇంకేదైనా ఏర్పాటు చూడండి. లేదంటే ఇలాంటి పిల్లలకి వేరే బడి ఉంది. కాస్త దూరం, హాస్టల్లో పెట్టాల్సొస్తుంది."

హాస్టల్ అన్న మాట వినగానే గువ్వ నాన్న చొక్కా పట్టుకుంది. ఇంటికొచ్చేదాకా వదల్లేదు.

ఆ సాయంత్రం భార్యతో అన్నాడు, "ఒక ప్రోగ్రాం రాస్తాను. గువ్వ మాట్లాడితే ఫోన్ మామూలు మాటల్లో చెప్పేస్తుంది."

ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. రోజంతా జనం నోళ్ళు తెరిచి మూలుగుతుంటే విని విని, అనవసరమైన మాట ఆడదు. "రాస్తే మీకు పోతుంది" అంది.

"పోతుంది. లోకానికంతా అర్థమవుతుంది కదా. నా ఒక్కడికి పోతే ఏం?"

"అది మీరు కాదు చెప్పాల్సింది, దాన్నడగండి."

అడగలేదు. పిల్లకేం తెలుస్తుందిలే అనుకున్నాడు.

ఇంట్లో ఉన్న కంప్యూటర్ ముసలిది, పది మెట్లెక్కిన మనిషిలా రొప్పుతుంది. అందుకని ఆఫీసు లాప్‌టాప్‌లోనే మొదలుపెట్టాడు. భోజనం టైములో కొంత, మీటింగుల్లో బుద్ధిగా తల ఊపుతూ కొంత రాశాడు. గువ్వ మాటలు రికార్డు చేసి, ఒక్కో కూతకీ అర్థం పక్కన పెట్టి, మెషీన్‌కి నూరిపోశాడు. సాయంత్రం లేచేముందు, ఆ రోజు రాసింది కంపెనీ సర్వర్లో పెట్టడం డెవలపర్లకి చేతికి అలవాటు, బయటికొస్తూ లైటు ఆర్పినట్టు. దీన్నీ అలాగే పెట్టేశాడు. ఏం పెడుతున్నాడో కూడా చూసుకోలేదు.

పూర్తయిన మర్నాడు పొద్దున గువ్వ వచ్చి ఆయన్ని కుదిపి ఏదో అంది. ఆయనకి నీళ్ళు పుక్కిలించిన చప్పుడు వినపడింది. దిండు పక్కన ఫోన్ ఒక ఆడగొంతుతో, రైలు వస్తోందని చెప్పినట్టు చెప్పింది: "నాన్నా, లే. నీ కాలి మీద దోమ కూర్చుంది."

పిల్ల ఫోన్ని చూసింది, నాన్నని చూసింది. మళ్ళీ అంది. ఆయన ఫోన్ వైపు చూశాడు. అప్పుడు గువ్వకి అర్థమైంది.

అయితేనేం, బళ్ళో చేరింది. మెళ్ళో ఫోన్ వేసుకుని వెళ్ళేది. పాఠాలు అప్పజెప్పింది, పోట్లాడింది, స్నేహితుల్ని సంపాదించింది. నాలుగిళ్ళ అవతల దాకా ఆ ఆడగొంతు వినిపించేది. వాళ్ళమ్మ కూతురితో మొదటిసారి గంటలకొద్దీ కబుర్లు చెప్పుకుంది. తండ్రి పక్కనే కూర్చుని వినేవాడు. సంతోషమే, కాదనలేం. కానీ ఆ ఫోన్ని చూస్తే ఆయనకి ఒళ్ళు మండేది, ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

ఈలోగా కంపెనీ కళ్ళు దాని మీద పడ్డాయి. మేనేజరుకి ఏ సంగతి చెప్పినా "చూద్దాం" అంటాడు, అందుకని ఆయన చూద్దాం గారు. ఆయన అందర్నీ పిలిచి, "మన సర్వర్లో బంగారం దొరికింది" అన్నాడు. డెవలపర్ని మెచ్చుకున్నాడు, చప్పట్లు కొట్టించాడు. వేరే పిల్లల మీద పెట్టి చూశారు. ఎవరి నాలుక తీరు వాళ్ళది, ఒక్కళ్ళ మాటా దానికి బోధపడలేదు. గువ్వకి తప్ప అది ఎవరికీ పనికిరాదని తేలింది. గువ్వ ఫోన్ పలికేది ఆ ప్రోగ్రాం ఉన్న సర్వర్ నుంచే, దాన్ని చూద్దాం గారు ఆపేయించాడు. ఆ రోజు క్లాసులో గువ్వ మెళ్ళో ఫోన్ సగం మాట దగ్గర ఆగిపోయింది.

డెవలపర్ పరుగున వెళ్ళాడు. "సార్, మా అమ్మాయి బడి సార్. నడపండి."

"ఒక్క పిల్ల కోసం సర్వర్ నడుపుతామా? పైవాళ్ళు నన్ను నిలదీస్తారు."

"పోనీ తుడిచెయ్యండి. నాకు తిరిగొచ్చేస్తుంది."

"తుడవడం మన పాలసీలో లేదు కదా. రేపెప్పుడైనా పనికొస్తుందేమో."

"నడపరు, తుడవరు. మరి దాన్నేం చేస్తారు సార్?"

"ఉంచుతాం" అన్నాడు చూద్దాం గారు.

అదీ సంగతి. ఒక తండ్రికి కూతురి మాటలు తెలియడమనేది, ఏసీ గదిలో, ఒక డిస్కులో, ఎవరికీ అక్కర్లేకుండా భద్రంగా ఉంది. మళ్ళీ రాద్దామా అంటే, రాయడానికి ఆయనకి ఆ మాటలు తెలిస్తేగా.

గువ్వ మొదట్లో అరిచి అరిచి చెప్పేది. ఆయనకి ఏడుపొచ్చేది. ఏడిస్తే పిల్ల బెంగపెట్టుకుంటుందని, నవ్వుతూ తల ఊపడం నేర్చుకున్నాడు. "ఆఁ, అవునమ్మా. అలాగేనమ్మా." మీటింగుల్లో అలవాటైన తల కదా, చక్కగా ఊగేది. గువ్వ ఆ తల వంక కాసేపు చూసేది, ఇంకేదో అనేది, ఆయన దానికీ ఊపేవాడు. హెడ్‌మిస్ట్రెస్ కబురు పెట్టింది: వచ్చే పరీక్షల దాకా చూస్తామండీ, ఆ తర్వాత హాస్టల్ బడే.

అప్పుడే చూద్దాం గారు ఆయన్ని లోపలికి పిలిచాడు. కంపెనీకి ప్రోగ్రాంలు రాసే ప్రోగ్రాం కావాలి. రాయమంటే అందరూ తప్పించుకుంటున్నారు. తప్పించుకోరూ? అది రాసినవాడికి ఇక ప్రోగ్రాం రాయడమే రాదు.

"మీరు రాయండి. మీ అమ్మాయిది తుడిచేయిస్తాను."

"బ్యాకప్‌తో సహా?"

"బ్యాకప్‌తో సహా. మీ కళ్ళముందే."

అంటే పాలసీ అనేది అంత గట్టిదేం కాదన్నమాట. ఆయనకి అది అప్పుడు తట్టలేదు, నాకిప్పుడు చెప్తుంటే మండుతోంది.

రాశాడు. అది మొదటిసారి తనంతట తాను పనిచేసిన రోజు, ఆయన కీబోర్డు వంక చూస్తే అక్షరాలున్న బొత్తాలు తప్ప ఇంకేం కనపడలేదు. చూద్దాం గారు మాట నిలబెట్టుకున్నాడు, డిస్కు తుడిపించాడు. స్నానంలో చెవిలోకి పోయిన నీళ్ళు ఒక్కసారిగా వెచ్చగా బయటికి కారినట్టు అనిపించింది ఆయనకి. ఇక ఆయనతో పని లేదు గనక అదే పూట ఇంటికి పంపేశారు. ఆయన్నొక్కణ్ణే కాదు, ఆ వరస మొత్తాన్నీ. ఏంవారం గారు బ్యాగు సర్దుకుంటూ అడిగాడు, "సోమవారం నుంచి రానక్కర్లేదంటున్నారు బాబూ. ఇవ్వాళ ఏం వారం?"

"శుక్రవారమండీ."

"అయితే దగ్గర్లోనే ఉందన్నమాట."

డెవలపర్ ఫోన్లో దారి చూసుకుంటూ ఇంటికొచ్చాడు. గువ్వ మెట్ల మీద కూర్చుని బొమ్మకి జుట్టు దువ్వుతోంది. ఆయన్ని చూసి బొమ్మతో అంది, నవ్వుమొహంతోనే:

"తల ఊపేవాడు వచ్చాడు. చూడు, ఇప్పుడు కూడా ఊపుతాడు."

ప్రతి అక్షరం అర్థమైంది. "ఊపనమ్మా" అన్నాడు. "ఇంక ఊపను."

గువ్వ చేతిలో దువ్వెన ఆగిపోయింది. ఆయన కళ్ళలోకి చూసి, నోరు మూసుకుని, బొమ్మని చంకన పెట్టుకుని లోపలికెళ్ళిపోయింది. ఆ పూటే కాదు, ఆ తర్వాత కొన్నాళ్ళు కూడా ఆయన ముందు పెదవి విప్పలేదు.

భార్య అంతా విని అంది, "ఇప్పుడు మీకు ఉద్యోగం లేదు, రోజూ క్లాసులో కూర్చోవచ్చు. అదేదో ఆవిడ అడిగిన రోజే మానేసుంటే సరిపోయేది కదండీ?"

ఆయన బడికెళ్ళి అడిగాడు.

హెడ్‌మిస్ట్రెస్ ఒప్పుకుంది. ఆఖరి బెంచీలో, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చున్నాడు. గువ్వ ముందు వరసలో ఉంది, వెనక్కి తిరగలేదు. టీచర్ ఒక్కొక్కర్నీ లేపి ఇంట్లోవాళ్ళ గురించి చెప్పమంటోంది. గువ్వ వంతొచ్చింది. ఈ పిల్ల నోరు విప్పకపోతే హాస్టల్ తప్పదని ఆయనకి తెలుసు.

గువ్వ లేచింది. కిటికీ వైపు చూస్తూ చాలాసేపు మాట్లాడింది. పిల్లలు కొందరు కిసుక్కుమన్నారు.

"ఏం చెప్పిందండీ?" అంది టీచర్.

ఆయన లేచి నిలబడ్డాడు. మా నాన్న మంచివాడు అంటోందండీ, అంటే సరిపోతుంది. గదిలో ఆ అబద్ధాన్ని పట్టుకునేవాళ్ళు లేరు, ఒక్క మనిషి తప్ప. ఆ మనిషికి తిరగనిది నాలుకే, చెవులు కాదు.

"మా నాన్నకి నా మాటలు వచ్చేవి" అన్నాడు. "నన్నడక్కుండా వాటిని ఆఫీసులో పెట్టేసి వచ్చాడు. ఆ తర్వాత, అర్థంకాకపోయినా అయినట్టు తల ఊపేవాడు. కడుపునొప్పి అంటే ఊపాడు. బళ్ళో నన్ను మూగిది అంటున్నారు నాన్నా అంటే ఊపాడు. ఒకరోజు, నువ్వంటే నాకిష్టం లేదు అన్నాను." కూతురి వీపు వంక చూశాడు. "దానికీ ఊపాడు. నవ్వుతూ."

ఎవరూ కిసుక్కుమనలేదు. టీచర్ సుద్దముక్క బల్ల మీద పెట్టి గువ్వ వైపు తిరిగింది.

"అంతేనామ్మా? సరిగ్గా చెప్పారా?" అని అడిగింది.

గువ్వ వెనక్కి తిరిగి ఆయన్ని చూసింది. చూసి, తల ఊపింది.