తిట్టుకు పుట్టిల్లు

మా ఇంట్లో ఒక నియమం ఉంది. భోజనాల దగ్గర ఎవరైనా ఎవరినైనా తిడితే, ఆ తిట్టు ఎక్కడ పుట్టిందో చెప్పందే మరో ముద్ద నోట్లో పెట్టకూడదు. ఆ నియమం పెట్టింది నేనే. నిఘంటువు ఆఫీసులో మాటల పుట్టుపూర్వోత్తరాలు తవ్వే ఉద్యోగం నాది. ఇంటికొచ్చినా ఆ పిచ్చి వదలదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి నీళ్ళ జగ్గు అందివ్వమని తమ్ముణ్ణి ఎంత అడిగినా వాడు ఉలకలేదు, పలకలేదు.

"మోరన్," అంది. "బళ్ళోనూ ఇంతే వీడు."

నాకు చురుక్కుమంది. వాడికి తెలివితేటల పరీక్ష పెట్టిన బడివాళ్ళు మర్నాటి నుంచి మందబుద్ధుల తరగతిలో కూర్చోబెడతామన్నారు. నేను నోరెత్తకుండా సరేనని వచ్చాను.

"పుట్టిల్లు చెప్పు," అన్నాను. దానికి తెలీదు. ఇంక నన్నెవరాపుతారు?

"ఇది తిట్టుగా పుట్టలేదే. నూరేళ్ళ పైమాట. ఒక మనస్తత్వ శాస్త్రవేత్త గ్రీకు మాటలోంచి తయారుచేశాడు. ఒళ్ళు పెరిగినా బుద్ధి చిన్నపిల్లల దగ్గరే ఆగిపోయిందనుకున్నవాళ్ళకి పెట్టిన పేరది. పరీక్ష పెట్టడం, పేరు తగిలించడం, చాలామందిని గోడల మధ్య పడేసి తాళం వెయ్యడం. ఆ తర్వాతే వీధిలోకొచ్చి తిట్టయింది."

పాఠం బాగా చెప్పానని నాకే ముచ్చటేసింది.

మావారి మేనత్త కంచం పక్కకు జరిపింది. మాతోనే ఉంటుంది. పిల్లలిద్దరికీ అక్షరాలు దిద్దించింది ఆవిడే.

"నాకూ పెట్టారమ్మా ఆ పేరు," అంది. "చిన్నప్పుడే. పెద్దదాన్నయ్యేదాకా ఆ తాళం వెనకే ఉన్నాను."

మావారి చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. మేనత్త హాస్టల్లో చదువుకుందనే ఆయనకు చెప్పారు.

"మీకా? ఎందుకత్తయ్యా?" అన్నాను.

"అడిగింది వినపడితేగా జవాబు చెప్పడానికి? ఆ పరీక్షాయన నా వెనకాల తిరుగుతూ అడిగేవాడు. చెవులు చూడాలని ఎవరికీ తట్టలేదు."

ఆవిడ చెవి మిషన్ సర్దుకుంది. వయసుతో వచ్చిన చెవుడనుకున్నాం ఇన్నాళ్ళూ.

నేను మావాడి వైపు చూశాను. కంచంలోకి వంగి, తన లోకంలో తానున్నాడు. సైకిల్ కోసం ఏడాదిగా ఇల్లు పీకి పందిరేస్తున్నవాడు. లేచి వాడి వెనక్కి వెళ్ళాను.

"నాన్నా, సాయంత్రం సైకిల్ కొనుక్కుందాం," అన్నాను, రోజూ మాట్లాడే గొంతుతోనే.

మా అమ్మాయి తలెత్తింది. మావారు తలెత్తారు. మేనత్త కూడా తలెత్తింది.

వాడు తింటూనే ఉన్నాడు.