గడితో పాటు నేను

గడి మేడలో టేకు స్తంభాలకు ఆముదం పట్టించి చేతులు జిడ్డోడుతుంటే, దొరకూ లింగమూర్తి పంతులుకూ చాయ్ తీసుకుపోయాను. దొరల మీద తిరగబడ్డ కూలీల సంఘంవాళ్లు ఒకసారి గడి దర్వాజ విరగ్గొట్టారు. రెండోసారి గడే మిగలదన్న భయంతో రాంచందర్ రావు దొర దాన్ని ఆడపిల్లల బడికి ఇచ్చేశాడు. భయపడి ఇచ్చినా దానం దానమే, పేరు పేరే.

"ఒక్క తలుపు మారొద్దు, ఒక్క చెట్టు కొట్టొద్దు. సంపెంగ తోట, బాయి, అన్నీ జనానికి ఉన్నదున్నట్టు ఉండాలె" అన్నాడు దొర.

"మరి ఇంత గడిని చూసుకునేదెవరు దొరా?" అన్నాడు బడి పెట్టబోయే పంతులు.

"కొండవ్వ లేదా? గడితోపాటే ఇస్తున్న."

ఇద్దరూ నవ్వారు. చాయ్ కప్పులు అందించి వచ్చాను.

ఆ కొండవ్వను నేనే, ఆడబాపను. దొరసాని ప్రమీలాదేవి పెళ్లికి పుట్టింటివాళ్లు మంచం, గంగాళం, పాడియావుతోపాటు తొమ్మిదేళ్ల నన్నూ పంపారు. ఆడబాపకు పెళ్లి లేదు, కూలి లేదు, దొర పిలిస్తే వద్దనే నోరు లేదు. నాకు చంద్రవ్వ పుట్టినప్పుడు దొరసాని గుమ్మంలోంచే చూసి, "దాని మొహం నాకు కనవడనియ్యకు" అంది. పదేళ్లు నా బిడ్డను పశువుల కొట్టంలోనే పెంచాను. మొన్న దొరసాని హైదరాబాదు పోతూ బండెక్కితే, "నేను, దొరసానీ?" అన్నాను. "గాడ కిరాయి ఇల్లు. నీకు జాగ లేదే" అంది. ఇరవై రెండేళ్లు ఆమె తల దువ్విన దాన్ని. అయినా ఏడుపు రాలేదు. లోపల సంతోషమే, పిచ్చిదాన్ని! గడి జనానిదైతే నేనూ జనమే కదా, నా బిడ్డ చదువుకుంటుంది కదా అనుకున్నాను.

బడి తెరిచే రోజు చంద్రవ్వకు తల దువ్వి, ఉతికిన లంగా కట్టి వరసలో నిలబెట్టాను. సిద్దిపేట నుంచి పెద్దమనుషులు వచ్చారు. దొర మెడలో దండతో కుర్చీలో కూర్చున్నాడు.

"చీపురేది? తల్లీబిడ్డలు కలిసి ఊడిస్తే జల్ది అయితది" అన్నాడు పంతులు.

"ఊడ్చేది నేనయ్యా. బిడ్డ పేరు రాయున్రి."

పెద్దమనుషులు చూస్తున్నారని కలం తీశాడు. "తండ్రి పేరు?"

వెనక కిసుక్కుమన్నారు. ఊరంతటికీ తెలుసు. తెలియనిది ఒక్క నా బిడ్డకే. మీ నాయిన పట్నంలో చచ్చిపోయాడని దానికి చెప్పుకుంటూ వచ్చాను.

"రాంచందర్ రావు దొర" అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. దొర పాన్ పక్కకు ఉమ్మి, "గడిల కుక్కలు గూడ ఈనుతయి. అన్నిటికీ నా పేరే రాస్తరా?" అన్నాడు. మళ్లీ నవ్వారు, ఈసారి గట్టిగానే.

చంద్రవ్వ నా చెయ్యి వదిలి దొర ముందుకు పోయింది. ఆ మొహాన్ని కాసేపు చూసి తిరిగొచ్చింది.

"అవ్వా, గాయన పేరు నాకొద్దు. నీ పేరే రాయమను."

"పుస్తకంల తల్లి పేరు రాసే ఖానా లేదు" అన్నాడు పంతులు.

బిడ్డ చెయ్యి పట్టుకున్నాను.

"అయితే పంతులూ, గీ గడిని ఊడ్చే మనిషి గూడ లేదు."