‘ఊదారంగు ఎండ’ మొదటి కచేరీ

రాచర్ల ఊరి నరేంద్రకు లోకంలో ఒకే ఒక్క కోరిక. తన పాటను నాయన మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి వినాలి. యల్లయ్యకేమో కొడుకు చెయ్యి గిటారు తీగ మీద పడిందంటే చాలు, గొర్రెలు గుర్తొచ్చేవి. కర్ర తీసుకుని బీడుకు బయలుదేరేవాడు. కొడుకు సంగీతం పుణ్యమా అని ఆ మందకు మేత ఎప్పుడూ తక్కువ కాలేదు.

నరేంద్ర, కీబోర్డు వాయించే కిరణ్, డ్రమ్ములు బాదే సుస్మిత కలిసి మార్కాపురంలో మూతపడ్డ పలకల తయారీ షెడ్డులో రాక్ బ్యాండు పెట్టారు. వాళ్ళ తొలి సింగిల్ పాట పేరు ‘ఊదారంగు ఎండ’. సైకడెలిక్ పాప్ అన్నమాట.

"అంటే ఏందిరా?" అని అడిగింది తల్లి రంగనాయకమ్మ.

"వింటే తల తిరగాలమ్మా. కండ్ల ముందర రంగులు కనపడాల."

"దానికి పాటెందుకురా? మిట్టమధ్యాన్నం మీ నాయనెంట బీడుకు పో. అన్నీ కనపడతాయి."

పాటంతా కుదిరింది కానీ నడుమ ఒకచోట వెలితి. కిరణ్ గిన్నెలు కొట్టి చూశాడు, సీసాలో ఊది చూశాడు, మిక్సీ తిప్పి చూశాడు. ఎవరికీ తల తిరగలేదు, మిక్సీ మాత్రం కాలిపోయింది. అప్పుడు నరేంద్రకు నాయన మందను పిలిచే కూత గుర్తొచ్చింది. రాచర్ల కాపరుల్లో ఎవరి కూత వాళ్ళదే. ఒకరి కూత ఇంకొకరు కూయకూడదు, ఎందుకంటే ఆ మంద ఆ గొంతుకే కదులుతుంది. "హుర్ర్‌ర్... య్యో య్యో య్యో" అని యల్లయ్య కూస్తుంటే ఫోనులో దొంగచాటుగా పట్టుకొచ్చాడు. కిరణ్ దానికి మారుమోత మీద మారుమోత తగిలించాడు. సుస్మిత హెడ్‌ఫోన్లు తీసేసి, "నాకు తల తిరిగింది" అంది. పాట పూర్తయింది.

గొర్రెలకు కూడా చెవులుంటాయని ఆ మహానుభావుల్లో ఒక్కరికీ తట్టలేదు.

రాచర్ల సెంటర్లో ట్రాక్టరు ట్రక్కు మీద డీజే బాక్సులు పేర్చి, ఒక సాయంత్రం పాట విడుదల పెట్టుకున్నారు. నరేంద్ర నాయనను రమ్మని బతిమాలాడు.

"నేనొస్తే గొర్రెల్ని ఎవురు కాస్తారు?" అని యల్లయ్య మందను ఊరి పక్క బీడుకు తోలుకుపోయాడు.

ఇక జనమా? గిద్దలూరు ఆటో నిండేదాకా వేరే పని లేక కూర్చున్న నలుగురు. నరేంద్రకు ఏడుపొచ్చినంత పనయింది. అయినా పాడాడు.

నడిమి చోటు వచ్చింది. కిరణ్ మీట నొక్కాడు. యల్లయ్య కూత ఊరి మీద ఉరిమింది.

ముందు దుమ్ము లేచింది, ఆ వెనక మంద దిగింది. ఆటోల సందుల్లోంచి, టీ బంకు బల్లల కిందినుంచి దూరి వచ్చి ట్రాక్టరును చుట్టేసింది. ఒక గొర్రె డ్రమ్ముల మీదికి ఎక్కబోతే సుస్మిత దాని వీపు మీదే దరువు వేసింది. గొర్రెల్ని చూడ్డానికి ఊరంతా వచ్చింది. అందరికన్నా వెనక, తలగుడ్డ ఊడిపోయి, రొప్పుతూ యల్లయ్య వచ్చాడు.

ఆయనా తన కూత కూశాడు. గొర్రెలు ఒకసారి ఆయన వైపు చూశాయి, ఒకసారి బాక్సు వైపు చూశాయి. గట్టిగా అరిచేవాడే యజమాని అనుకున్నాయి, పాపం, మనుషుల్లాగే.

"ఒరేయ్! నా కూత ఆ పెట్టెలోకి ఎట్ల పోయిందిరా?"

పాట సంగతి దేవుడెరుగు, గిటారు దక్కితే చాలనుకుని నరేంద్ర ఆపబోయాడు.

"ఆపొద్దురా! ఆపితే రోడ్డు మీద చెదిరిపోతాయి. బస్సొచ్చే యాళయింది. పాడు!"

పాడాడు. అయిపోగానే మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుని, బస్సు వచ్చి, ఆగి, హారను కొట్టి కొట్టి, చివరికి డ్రైవరు దిగి టీ తాగి, పక్కనుంచి నడుపుకుపోయేదాకా పాడాడు. మందను వదిలి యల్లయ్య మాత్రం ఎక్కడికి పోతాడు? కర్ర మీద గడ్డం ఆనించుకుని మొత్తం విన్నాడు.

పాట ముగిసింది. నరేంద్ర నాయన మొహం వైపు చూశాడు. పరీక్షలకు కూడా ఇంత భయపడలేదు వాడు.

యల్లయ్య మందను ఈ చివరి నుంచి ఆ చివరిదాకా కలయజూశాడు.

"ఇంగోసారి పాడు," అన్నాడు. "నల్ల పొట్టేలు ఇంకా రాలే."

నల్ల పొట్టేలు ఆయన వెనకాలే నిలబడి పంచె అంచు నములుతోంది. నరేంద్ర దాన్ని చూడనట్టే గిటారు సవరించుకున్నాడు.