బొమ్మ కింద నల్ల పట్టీ

చేనేత సంఘం ఆఫీసులో కుర్చీలు ఖాళీగా ఉన్నా సంధ్య కూర్చోలేదు. టేబుల్ చుట్టూ తిరుగుతోంది. లాప్‌టాప్ తెర మీద చీర బొమ్మ, దాని నిండా చిలుకలు. బొమ్మ కింద ఒక నల్ల పట్టీ. ఆ పట్టీలో మాటలు టైపు చేస్తే పైన బొమ్మ మారుతుంది. మౌసుతో బొమ్మను లాగితే కింద మాటలు మారతాయి. ఆలేరులో మొబైల్ దుకాణంలో పని చేసుకుంటూ, ఎవరూ నేర్పకుండానే, ఆమె రాసిన ప్రోగ్రామ్ అది.

ఈ పూట సంఘం దీనికి ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే చీరల నమూనాల పని ఆమె అత్త సుగుణమ్మ చేతిలోనే ఉంటుంది. లేదంటే హైదరాబాద్ నుంచి నమూనాల అచ్చు కాగితాలు వస్తాయి. ఇన్నేళ్లు చిలుకల్ని పుట్టించిన మనిషి ఇక చెప్పినచోట దారం కట్టే కూలి అవుతుంది.

పొద్దున అత్తతోనే మొదటి పంచాయితీ అయింది.

"నాకు బొమ్మెందుకే? నోటితోని చెప్త, నువ్వు కొట్టు" అంది సుగుణమ్మ. ఆమెది ఎప్పుడూ అదే పద్ధతి. రంగు అంటకూడని చోట దారం మీద కట్టు కడతారు. ఆమె చెబుతూ ఉంటే పక్కనున్న ఆడవాళ్లు కడుతూ పోతారు. నాలుగు కట్టు, రెండు వదులు, మూడు కట్టు.

సంధ్య అట్లాగే కొట్టింది. తెర మీద చిలుక తోక పోయి అంచులో దూరింది.

"గిదేంది, గిట్లయింది?"

"నువ్వు చెప్పిందే అత్తా."

"నేనట్ల చెప్తనా?"

"చెప్పినవ్. బట్ట మగ్గం దిగినంక చూసి తల పట్టుకునేదానివి. ఇప్పుడే చూసినవ్."

సుగుణమ్మ మొహం ముడుచుకుంది. తెర దగ్గరికి వంగి, "సరే, గా వదులు మూడు జెయ్యి" అంది.

ఇప్పుడు ఆమె కూడా వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. సంఘం అధ్యక్షుడు నరహరి, ఆమెకు వరసకు మరిది, లోపలికి వస్తూనే తెర మీదికి వంగాడు.

"బొమ్మ మంచిగున్నది. కింద గా నల్లదేంది? పాత రైల్వే టికెట్ల కిటికీ లెక్క. తీసెయ్. రేపు కొనేటోళ్లు వస్తరు."

"తియ్య మామా."

"మౌసున్నంక రాసుడెందుకే?" అంటూ నరహరి మౌసు అందుకున్నాడు. "ఎదురెదురు చిలుకల్ని చూసి చూసి యాష్టకొచ్చింది. అన్నీ ఒక్క దిక్కే పోవాలె."

కుడివైపు చిలుకలన్నిటినీ తిప్పేశాడు. చక్కగా తిరిగాయి. కింద పట్టీలో అక్షరాలు పడ్డాయి: "మడత కుదరదు. రెండో సగం విడిగా కట్టాలి."

చీరకు నిలువున వచ్చే దారాన్ని పడుగు అంటారు. ఇక్కడ దాన్ని నడిమికి మడిచి కడతారు. ఒక సగానికి కట్టింది రెండో సగానికీ పడుతుంది. అందుకే మడత విప్పితే చిలుకలు ఒకదాన్నొకటి చూస్తాయి. అన్నీ ఒకవైపే చూడాలంటే మడత పనికిరాదు, చాకిరీ రెండింతలు.

"బొమ్మ వచ్చింది గదా, ఇంక గీ బెదిరింపేంది?"

"బొమ్మకేం మామా, వస్తది. దారానికే రాదు."

"బందు పెట్టు దాన్ని. బొమ్మ అచ్చు తీసిస్త. కట్టేటోళ్లు కట్టుకుంటరు."

కట్టేటోళ్లు. ఎంత తేలిగ్గా వచ్చిందా మాట! తెర అందంగా ఉండాలనే వాడికి తెర వెనక తెగే వేళ్లు కానరావు.

సంధ్య చెయ్యి కీబోర్డు మీదికి పోయింది. ఒక్క నొక్కు నొక్కితే పట్టీ మాయమవుతుంది, నరహరి ఒప్పుకుంటాడు, పని అత్త చేతిలోనే ఉంటుంది. వేలు మీట మీద ఆగింది. వెనక్కి తీసుకుంది.

"పట్టీ పోతే ప్రోగ్రామ్ గూడ పోతది మామా" అంటూ లాప్‌టాప్ మూత సగం దించింది.

"పోనీ" అన్నాడు నరహరి.

సుగుణమ్మ గోడ వదిలి ముందుకొచ్చింది. "నరహరీ, నువ్వన్నట్టే మడత లేకుండ కడతం. రెండు పనులకు కూలి రాస్తవా?"

"గదెట్ల వదినె? చీర ఒక్కటే గదా."

"నీ కంటికి ఒక్కటే. గందుకే కింద రాసున్నది. గది తీసేస్తే నా చెయ్యి పడదు. తక్కినోళ్లు కడతరేమో, నువ్వే పోయి అడుగు."

తక్కినవాళ్లు ఏమంటారో నరహరికి తెలుసు. ఫోన్ తీసి చూసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"ఒక్క చీర. మడతతోనే కట్టుండ్రి. అమ్ముడుపోకుంటే హైదరాబాద్ కాగితమే."

"పట్టీ?"

"ఉండనీ. వచ్చినోళ్ల ముందర జర చిన్నగ జెయ్యి, కనపడకుండ."

ఆయన పోయాక కూడా సంధ్యకు కాలు నిలవలేదు. ఒక్క చీర ఏ మూలకు? అది మురిగితే అంతా మురుగుతుంది. మూత ఎత్తింది. సుగుణమ్మ కళ్లు చికిలించి పట్టీలో అక్షరాలు కూడబలుక్కుని చదువుతోంది. సంధ్య అక్షరాల సైజు పెంచింది, మళ్లీ పెంచింది. నల్ల పట్టీ పైకి పాకి చిలుకల కాళ్ల దాకా వచ్చింది.

"గంత పెద్దగనా? చిన్నగ జెయ్యమన్నడు గదనే."

"నువ్వు సదువు అత్తా."

"సదువుత గని, గా మౌసు ఇటియ్యి. చిలుక ముక్కు మొద్దుగున్నది."