ఆగని కన్వర్టర్

"టీలో పాలు తక్కువయ్యాయమ్మాయ్, ఇంకొంచెం పొయ్," అన్నారు బావగారు. ఆయన నా భర్తకు అన్న, కరగండ నగరంలో రైలింజన్లు బాగుచేసే మా వర్క్‌షాపుకు అధికారి. తనిఖీకి వచ్చిన ముగ్గురూ కప్పులు ముందుకు జరిపారు.

పోశాను. ఇక్కడ యంత్రాలు పేలకుండా కాపాడే రక్షణ సర్క్యూట్ బోర్డుల ఇంజనీరును నేనే. అయినా టీ నా పనే. "ఎంత ఇంజనీరువైనా కోడలివేగా," అంటుంది అత్తగారు.

మూడు రోజులుగా, ఇంజన్ మోటార్లకు కరెంటు మార్చి అందించే ఈ కన్వర్టర్ లోడు పెంచగానే ఆగిపోతోంది. ఒక ట్రాన్సిస్టర్ పాడవుతోందని, దాన్ని నడిపే బోర్డు ముందే పసిగట్టి ఆపేస్తోందని, ఆపకపోతే పేలుతుందని చెప్పాను. "ఆ బోర్డూ నీలాంటిదే, ప్రతిదానికీ ఉలిక్కిపడుతుంది," అన్నారు బావగారు. ఇక్కడే పనిచేసే నా భర్త యెర్కెబులాన్ నవ్వాడు. ఇంట్లో నేను నొచ్చుకున్నప్పుడూ అదే నవ్వు.

ఇవాళ లోడు సగం దాటింది. ఆగలేదు. ముప్పావు దాటింది. ఆగలేదు. ట్రాన్సిస్టర్ ఎవరూ మార్చలేదు, స్టోరు తాళం నా దగ్గరే ఉంది. మరెలా నడుస్తోంది? టీ కెటిల్‌తోనే వెళ్లి కన్వర్టర్ పెట్టె అద్దంలోంచి చూశాను. పసిగట్టే తీగను గ్రౌండుకు కలిపి సోల్డర్ చేసేశారు. ఇక ఏం జరిగినా ఆ బోర్డుకు తెలియదు. దాని మీద బోర్డు బాగుందని చెప్పే స్టిక్కరు, స్టిక్కరు మీద నా సంతకం. పేలితే ముందు తగిలేది తనకే అన్నట్టు, రెండడుగుల దూరంలో నిలబడి మీటరు చూస్తోంది మా టెక్నీషియన్ జమీలా.

ఎర్ర బటన్ నొక్కాను.

"ఎందుకాపావమ్మా?" తనిఖీ పెద్ద లేచాడు.

"రక్షణ తీసేశారు. చూడండి."

వంగి చూశాడు. ముఖం మారింది. "ఎవరి పని ఇది?"

యెర్కెబులాన్ నా చెవి దగ్గరకొచ్చాడు. "పొరపాటున నువ్వే చేశానని చెప్పెయ్. అన్నయ్యకైతే ఉద్యోగం పోతుంది. నీకేముంది, నాలుగు చీవాట్లు."

నిన్న సోల్డరింగ్ ఐరన్ నా దగ్గర అడిగి తీసుకున్నది బావగారే. అయినా ఆయన నింపాదిగా టీ తాగుతున్నారు. ఆ ధైర్యం ఎక్కడిదో నాకు తెలుసు. మా ఆచారం ప్రకారం కోడలు భర్త అన్న పేరు పలకదు. పదకొండేళ్లలో ఒక్కసారీ పలకలేదు నేను. ఏదైనా ఫారంలో రాయాల్సొస్తే కాగితం భర్త చేతికిచ్చేదాన్ని.

"పేరు చెప్పమ్మా, రాసుకోవాలి," అన్నాడు తనిఖీ పెద్ద.

కెటిల్ బల్ల మీద పెట్టాను.

"సేసెన్‌బెక్," అన్నాను, జమీలాకు కూడా వినపడేలా.