చూడి పొట్టేలు

తర్లుపాడు కావ్య మూడేళ్లు కష్టపడి, గొర్రెలకు జబ్బు చేస్తే సలహా చెప్పే ప్రోగ్రాం ఒకటి ఫోన్‌లో తయారుచేసింది. అందులోని తెలివంతా పుల్లలచెరువు దగ్గర గొర్రెలు కాసే యల్లయ్యది. ఆయన చెప్పినవన్నీ మూడువందల పన్నెండు నియమాలుగా రాసి, ఏ నియమమూ ఇంకోదాన్ని కాదనదని లెక్కలతో నిరూపించింది కూడా. పైగా ఆ ప్రోగ్రాం మనిషిని బట్టి నడుచుకుంటుంది. ఓపిక లేనివాళ్లను ప్రశ్నలతో విసిగించదు.

పరీక్షించే రోజున యల్లయ్య పొట్టేలుకు నిజంగానే బాగాలేదు. కావ్య సంతోషం దాచుకోలేక ఫోను ఆయన చేతికిచ్చింది.

“కడుపు పెద్దదైందా?” అని అడిగింది ఫోను.

“ఆ.”

“మేత తగ్గిందా?”

“ఆ.”

“మాటిమాటికీ పడుకుంటోందా?”

“ఆ లే, బిన్నా చెప్పు!”

ఈయనకు ఓపిక తక్కువని ఫోను గ్రహించింది. మిగతా ప్రశ్నలు ఎగరగొట్టి, తీయగా పలికింది. “శుభవార్త. మీ జీవం చూడితో ఉంది. నెలలో ఈనుతుంది.”

యల్లయ్య వంగి పొట్టేలు వెనక కాళ్ల మధ్యకు చూశాడు. “ఉండాల్సినవి ఉండాయే!”

ఆయన భార్య సుబ్బరత్నమ్మ నవ్వు ఆపుకోలేక కూలబడింది. “కవలలేమో అడుగు!”

కావ్య ముఖం మాడిపోయింది. “మామా, మగది చూడి కట్టదని నువ్వు నాకు చెప్పలేదు గదా!”

“అది గూడ చెప్పాల్నా? మీ కాలేజీలో ఎవురూ చెప్పలేదా అమ్మా?”

ఇంతలో పొట్టేలు మూలిగింది. యల్లయ్య దాని ఎడమ డొక్క తట్టి, “జొన్నల మూట బొక్కేసినాది. కడుపుబ్బరం” అన్నాడు. సుబ్బరత్నమ్మ మంచినూనె తెచ్చింది. కావ్య దాని మూతి పట్టుకుంటే ఆయన కొంచెం కొంచెంగా తాగించాడు. కాసేపటికి పొట్టేలు కావ్య ముఖం మీదే బ్రేవుమని త్రేన్చింది. అంత కంపులోనూ ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రం కావ్య నియమాలు రాసుకునే పుస్తకం తెరిచింది. “అత్తా, చెప్పే పనే లేదనుకున్నవన్నీ చెప్పండి.”

“అవి మాకెట్ల గుర్తొస్తాయే?” అంది సుబ్బరత్నమ్మ.

నిజమే. అందుకని కావ్య పదిరోజులు మంద వెంట తిరిగి, సిగ్గు విడిచి, పిచ్చి ప్రశ్నలన్నీ తానే అడిగింది. మరో నలభై నియమాలు తేలాయి. ఎంత ఓపిక లేనివాణ్ణయినా ఒక్క ప్రశ్న మాత్రం అడిగి తీరేట్టు కట్టుదిట్టం చేసి, దాన్నీ నిరూపించింది.

మళ్లీ పరీక్ష పెట్టినప్పుడు ఫోను మొట్టమొదట అడిగింది. “ఆడా, మగా?”

యల్లయ్య మీసం తిప్పాడు. “నన్నేనా అడిగేది?”

కావ్య పుస్తకం తీసి ఇంకో నియమం రాసుకుంది.